అక్కకు అందని కాయం

శొంఠి వేగే వాసనకు ఈ ఎనభై ఐదేళ్ల వయసులోనూ నాకు ముందు కోపమే వస్తుంది. కరోనా రోజుల్లో, కర్నూలులో కాన్పయిన మనవరాలి కోసం పిప్పళ్లు, వాము దంచి, పాత బెల్లం పాకంలో నెయ్యి పోసి కాయం కలుపుతుంటే, తుంగభద్ర ఒడ్డూ మా అవ్వ నెత్తిమీది కుండా మళ్లీ కళ్ల ముందుకొచ్చాయి.

అలంపూర్‌లో మా చిన్నతనాన ఎండాకాలం ఏరు మోకాలి లోతుకు దిగితే, దోసపాదుల మధ్య ఇసుకలో ఆడీ ఆడీ, తడిబట్టలతోనే అవతలి ఒడ్డుకు నడిచిపోయి, అక్కను ఇచ్చిన ఇంట్లో సజ్జరొట్టె, ఉల్లికారం తిని వచ్చేవాళ్లం. ఇవతల నైజాముది, అవతల ఇంగ్లీషువాళ్లది. వట్టి చేతులతో పోతే అడిగేవారు లేరుగానీ, సామాను ఉంటే నాకా దగ్గర సుంకం కోసం ఆపేవారు. బళ్లో సారేమో ఏరు దాటితే పరాయి దేశమని బెత్తం పట్టుకుని వల్లె వేయించేవాడు. అయితే అక్క పరాయిదైందా అని నేను ఏడుస్తూ అడిగితే అవ్వ విసుక్కుంది.

"రాజ్యం పరాయిది బిడ్డా. దేశమెట్ల పరాయిదైతది? ఆడున్నోళ్లు మనోళ్లు కాదా?"

ఆ వానాకాలం అక్కకు అత్తగారింట్లో రెండో కాన్పయింది, పాలు పడటం లేదని కబురొచ్చింది. అవ్వ రెండు రోజులు పొయ్యి దగ్గరే కూర్చుని కాయం చేసి, కుండకు వాసెన కట్టి, నన్ను వెంటబెట్టుకుని పుట్టి ఎక్కబోయింది. నాకా జవాను ఖాజా అడ్డమొచ్చాడు. మా వాడకట్టువాడే, అవ్వ చేతి జొన్నరొట్టె తిని పెరిగినవాడే.

"జర కుండ విప్పవ్వా."

"బాలెంత తినేది ఖాజా. పరాయి చెయ్యి పడితె పెడ్తరా?"

"నాకెరుక లేదా? మా ఇంట్ల గూడ బాలెంతున్నది. రొమ్ము మీద గీ సర్కారు బిళ్ల ఉన్నంతసేపు నా మాట చెల్లదు."

లోపలి నుంచి మున్షీ చూస్తున్నాడు. ఖాజా తల దించుకునే వాసెన విప్పి, నెయ్యిలో ఏమన్నా దాచామేమోనని ఇనుప చువ్వ దించాడు. అవ్వ ఒక్క మాట తిట్టలేదు. కుండ అతని చేతిలోనే పెట్టింది.

"ఇగ నా బిడ్డకు పనికిరాదు. నీ పెండ్లానికి పెట్టు. ఆమెకు నీ చెయ్యి పరాయిది కాదు గద."

నాకు ఒళ్లు మండిపోయింది. అక్క కాయం వీళ్లింటికా! మళ్లీ చేసేసరికి ఏరు పోటెత్తింది, పది రోజులు పుట్టి కదల్లేదు. అక్క బిడ్డ మేకపాలతో బతికింది.

తర్వాత నైజాం పోయాడు, నాకా పోయింది. కొన్నాళ్లకు రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రమన్నారు, మళ్లీ రెండన్నారు. ఎవరేమన్నా మా పిల్లలకు ఆ ఒడ్డు సంబంధాలు చేస్తూనే ఉన్నాం. ఇప్పుడు పుట్టీ లేదు, దోసపాదులూ లేవు, అక్కా లేదు. కాయం డబ్బా పట్టుకుని బయలుదేరిన మనవణ్ణి వంతెన దగ్గర ఒక పోలీసాయన లాక్‌డౌన్ పాసు కాగితం లేదని తిప్పి పంపాడు. గంటసేపు సర్కార్లనూ ఆ పోలీసాయననూ కలిపి తిట్టిపోశాను. ఆయన ఇంట్లో బాలెంత ఎవరైనా ఉందేమో అడిగావారా అని మాత్రం నా నోటికి రాలేదు.