ఎక్కడా ఆగని కుంకుమ భరిణె

మా అక్క కొడుకును ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ నాడు మా ఊరు ఎడపల్లిలో అన్నానికి కరువొచ్చింది. కారణం వానలు కాదు, నేను. నవ్వుతారని తెలిసే చెబుతున్నాను.

అప్పుడు నేను నిజామాబాద్‌లో కంప్యూటర్ చదువు వెలగబెడుతున్నాను. ప్రోగ్రామింగ్ భాషల క్లాసులో మేడమ్ రికర్షన్ మొదలుపెట్టారు. "పెద్ద పని మొత్తం మీరే చేయకండి. ఒక్క అడుగు వేసి, మిగిలింది మళ్లీ అదే పద్ధతికి అప్పజెప్పండి" అన్నారు. ఆహా, నా కోసమే పుట్టిన పాఠం! మిగతా సగం వినకుండా బోధన్ బస్సుకు పరుగెత్తాను.

ఇంట్లో అడుగు పెట్టగానే అమ్మ కుంకుమ భరిణె చేతికిచ్చింది. "రేపే తొట్టెల. మనోళ్లయి నలభై ఇండ్లు. బొట్టు వెట్టి పిలిచి రాపో."

ఆ ఎండలో నలభై ఇండ్లా? పక్కింటి లక్ష్మక్కకు బొట్టు పెట్టి, భరిణె ఆమెకే ఇచ్చేశాను. "అక్కా, నీ పక్కింటామెకు బొట్టు వెట్టు. భరిణె ఆమెకిచ్చి గిదే మాట చెప్పు."

"ఎందాక?"

"గట్ల పోతనే ఉంటది!"

ఐదు నిమిషాల్లో వచ్చి ఫ్యాను కింద పడుకున్నాను.

"భరిణె ఏదే?" అంది అమ్మ.

"పని అయినంక అదే వస్తది అవ్వా."

మర్నాడు ముందు మనవాళ్లు వచ్చారు. తర్వాత ఊరంతా వచ్చింది. తర్వాత, ఒట్టు, ఎవరెవరో ఆటోల్లో దిగి మా పేర్లు కూడా అడిగారు. బగారా అన్నం గంజు అడుగు గీకుతూ మా బాపు, "వీళ్లంత ఎవరే?" అన్నాడు.

"బొట్టు వెట్టి పిలిచి ఆకలితోని పంపుతమా? ఇజ్జత్ పాయె!" అంది అమ్మ. ఆమె కళ్లల్లో నీళ్లు చూసి నాకు తల కొట్టేసినట్టయింది.

బాపు బియ్యానికి బండి తీస్తుండగా, మా సందులోకి కొత్తగా కాపురానికొచ్చిన కోడలు భరిణెతో లోపలికొచ్చింది. పందిరి చూసి, "అయ్యో, మీ ఇంట్ల గూడ ఫంక్షనా?" అంటూ మా అమ్మకే బొట్టు పెట్టింది. "ఇయ్యాల ఈ ఊర్లె ఎవరిదో తొట్టెలట. ఎవరిదో నాకు తెల్వది గని, మీరు తప్పక రావాలె. పక్కింటికి గూడ చెప్పుండ్రి."

అమ్మ అలవాటుగా "వస్తం బిడ్డా" అంది. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

ఆ రోజు చివరి మనిషి తినేదాకా వడ్డించింది నేనే. ఒక్క విస్తరి కూడా ఎవరికీ అప్పజెప్పలేదు.

తర్వాతి క్లాసులో మేడమ్‌ను మిగతా సగం అడిగాను. "ఎక్కడ ఆగాలో ముందే చెప్పాలమ్మా. అది లేకపోతే ఎప్పటికీ ఆగదు" అన్నారు.

కాబట్టి ఆ భరిణె మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: బోధన్ బస్సులన్నీ వెళ్లిపోయినా సరే, ఇక ఏ పాఠమూ సగంలో వదిలి లేవను.