‘కారణం’ గడిలో నా చుట్ట

బస్తర్ సంస్థానం ఇంకా దేశంలో కలవని రోజులవి. ఒక మాఘమాసంలో నన్ను పామేడు అడవులకు రేంజరుగా వేశారు. ఒక్కో బీటుకు, అంటే నాలుగైదు ఊళ్ల చుట్టూ ఉన్న అడవికి, ఒక గార్డు కాపలా. ఆ గార్డులందరి మీదా రేంజరు. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. అడవి గురించి నాకు తెలియనిది లేదని మాత్రం గట్టి నమ్మకం.

వేసవంతా మా పని నిప్పుతోనే. ఇప్పపువ్వు ఏరుకునేవాళ్లు చెట్టు కింద ఆకులు కాలుస్తారు. గాలి తిరిగితే ఆ మంట టేకు వనంలోకి పాకుతుంది. అందుకే ముందే ఫైర్‌లైన్లు, అంటే మంట దాటకుండా గడ్డీ గాదం గీకేసిన వెడల్పాటి బాటలు, సిద్ధం చేస్తాం. ఎక్కడ అంటుకున్నా గార్డు వెంటనే కబురు తేవాలి. రేంజరు చోటు, వేళ, కారణం గడులు నింపి పైకి నివేదిక పంపాలి.

పాత నివేదికల కట్ట విప్పితే ఏళ్ల తరబడి ఒక్క మంటా లేదు. అడవిలోకి వెళ్తే ఎక్కడ చూసినా మాడిన మానులే. ఆరా తీస్తే తెలిసింది, నాకు ముందున్నాయన మంట కబురు తెచ్చినవాణ్నే పనిలోంచి తీసేసేవాడట. ఇక ఎవరు నోరు విప్పుతారు? నేను గార్డులందర్నీ పిలిపించి, కబురు తెచ్చినవాడి ఉద్యోగానికి నాది పూచీ అని ఘనంగా చెప్పాను. అందరూ తలలూపారు. ఒక్కరూ నమ్మలేదు.

నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం సోయం ముత్తయ్య అనే గార్డు ఒళ్లంతా మసితో బంగళాకు వచ్చాడు. పెద్ద సంసారం, అతని ఉద్యోగమే ఆధారం. తూర్పు ఫైర్‌లైను పక్కన నిప్పంటుకుందనీ, తనూ ఊరివాళ్లూ పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పారనీ చెప్పాడు. కారణం ఏమిటని అడిగితే నేల చూశాడు. రెట్టించి అడిగాను.

“ఏంది దొరా, మళ్లా మళ్లా అడుగుతరు? పొద్దున మీరు ఆడ సుట్ట పారేసిండ్రు. నేను ఎనకనే ఉన్న. సెప్దామంటే బయమయింది. ఆరిపోతది లే అనుకున్న.”

బంట్రోతు ముందే ఈ మాట పడేసరికి కోపం ముంచుకొచ్చింది. తర్వాత అతని చేతులు చూశాను. కాలి బొబ్బలెక్కి ఉన్నాయి. అప్పుడు సిగ్గేసింది. ఇప్పపువ్వు వాళ్ల మీదికి తోసేయడం తేలికే, కానీ ఆ రోజు నుంచీ ముత్తయ్య మళ్లీ నోరు తెరవడు. కారణం గడిలో ‘రేంజరు పారేసిన చుట్ట’ అని రాసి, అతనికి చదివి వినిపించి, అతని చేతే జగదల్‌పూర్‌లోని పై కచేరీకి టపాలో వేయించాను.

పైనుంచి గట్టి మందలింపు వచ్చింది. దాన్నీ గార్డులందరి ముందు చదివాను. ముత్తయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మిగతావాళ్లు ఆ మర్యాద కూడా పాటించలేదు. నవ్వుకు బంగళా పెంకులు లేచిపోతాయనిపించింది.

ఆ వారం నుంచే కబుర్లు మొదలయ్యాయి. చాపంత మంటకు కూడా ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చేవాళ్లు. ఆ వేసవిలో టేకు వనంలోకి నిప్పు అడుగు పెట్టలేదు. వానలు పడ్డాక మాత్రం పైనుంచి ఒక తాఖీదు వచ్చింది: మీ రేంజిలోనే ఇన్ని మంటలేమిటి? మంటలు అన్నిచోట్లా లేస్తున్నాయి, మా దగ్గర చెప్పేవాళ్లున్నారు అని జవాబు రాశాను.

ముత్తయ్య పింఛను వయసుదాకా అదే బీటులో పనిచేశాడు. కిందివాళ్లు నిజం చెప్పాలని ఉత్తర్వు వేస్తే సరిపోదు. పైవాడు ముందు తన తప్పును కాగితం మీద పెట్టాలి.