గంగన్న గుండెను ఎవ్వలూ చూడలే

ఛాతి పట్టేసింది, క్లినిక్ పోయొస్త అని అడిగిన మనిషిని ఫోర్‌మన్ మళ్ల పనిమీదికే తోలిండు.

నిన్న మా గంగన్న సైట్ల పడిపోయిండు. మళ్ల లేవలే.

ఫోన్ వస్తే నేను నమ్మలే. పొద్దుగాల్నే కదా, బస్సుల నా పక్క సీట్ల కూసోని మెస్ వాళ్లను తిట్టుకుంట పోయిండు. ఆయన దిగిండు, నేను తర్వాతి సైట్ల దిగిన. గంతే.

ఇంకా కాలు ఒక్క దగ్గర నిలుస్తలేదు. రూమ్‌లకు పోతున్న, బయటికొస్తున్న. టైప్ చేస్తున్న, డిలీట్ కొడుతున్న.

తెల్వనోళ్లకు చెప్తున్న. గంగన్నది జగిత్యాల దిక్కు. షట్టరింగ్ కార్పెంటర్. దుబాయ్‌ల అల్ కుసైస్ లేబర్ క్యాంపుల మా రూమ్‌కు పెద్ద.

ఆదివారం వరండాల కుర్చీ ఏసి మా అందరికి కటింగ్ చేసేటోడు. మిషన్ ఆయనదే, స్టైల్ కూడ ఆయనదే. ఏం అడిగినా ఒక్కటే కటింగ్.

"అన్నా, సైడ్ ఫేడ్ కొట్టు" అంటే, "నీ మొకానికి ఫేడ్ ఒక్కటే తక్కువైందారా, ఉన్న ఎంటికలు కాపాడుకో" అని మెడ వంచేటోడు. కదిలితే నెత్తిమీద ఒక్కటి పడేది.

పోయిన నెల ఆ కుర్చీల నేనున్న. మిషన్ నడుస్తనే ఉంది, ఆయన చెయ్యి ఆగింది. చూస్తే గోడకు ఒరిగి ఊపిరి గుంజుకుంటున్నడు.

"ఏమైందన్నా?"

"గ్యాస్ రా. ఆ మెస్ పప్పు."

"ఇంటికాడ బీపీ గోలీలు ఏసుకునేటోనివి గదా, ఏవి?"

"ఎప్పుడో బంద్ చేసిన. వీసా మెడికల్‌ల ఫిట్ అన్నరు గదరా. ఛాతికి ఎక్స్‌రే కూడ తీసిన్రు. గుండె ఖరాబుంటే అండ్ల కనపడదా?"

క్యాంపుల అందరం ఇట్లనే అనుకుంటం. ఫిట్ అంటే అన్నీ ఫిట్ అని.

నిన్న హాస్పిటల్‌ల మన తెలుగు నర్సక్క చెప్పింది. ఆ ఎక్స్‌రే టీబీ కోసమట. అప్పుడు తీసిన రక్తం అంటురోగాల కోసమట. గుండె సంగతి వేరే అట. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ వేరే చూడాలట.

"ఈసీజీ ఎప్పుడైనా తీశారా తమ్ముడూ?"

"లేదక్కా."

"ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా?"

"వాళ్ల నాయిన గట్లనే పోయిండు. చిన్న వయసుల."

"ముందే చూపించుకుని ఉంటే మందులు ఉన్నాయి కదయ్యా" అన్నది.

ఊర్ల వదినకు నేనే ఫోన్ చేసిన. "మొన్ననే ఫిట్ వచ్చిందన్నడు గదా తమ్మీ?" అని మళ్ల మళ్ల అదే అడుగుతుంది.

గంగన్న పక్కన పనిచేసే సాయిలు అన్నీ చూసిండు. స్లాబ్ పోసే రోజు, మనుషులు తక్కువున్నరు. గంగన్న ఛాతి పట్టుకోని అడిగితే ఫోర్‌మన్ ఏమన్నడో తెల్సా?

"మెడికల్ ఫిట్ హై నా తేరా? నాటక్ మత్ కర్. యల్లా, ఊపర్ జా."

గంగన్న పైకెక్కిండు.

నాటకం ఎవరిదిరా?

ఇయ్యాల పొద్దున క్యాంపుల ఒకడు, పేరు చెప్ప, దిండు కింద నుంచి గోలీల పట్టీ తీసి నాకు చూపిచ్చిండు. వానికీ బీపీ ఉంది. వాడు కూడ బంద్ చేసిండు. డాక్టర్‌కు చూపించుకో అంటే, "బయట పడితే అన్‌ఫిట్ అని ఇంటికి తోలుతరేమో" అంటున్నడు. ఎంతమంది దిండ్ల కింద ఉన్నయో ఎవరికి తెల్సు?

దోస్తులారా, గోలీలు బంద్ చేసినోళ్లు దాచిపెట్టకుండ్రి. పోయి చూపించుకోండ్రి. తోడు నేనొస్త.

గంగన్నా, పొయ్యిరా అన్నా. "యల్లా" అని తరిమేటోడు లేని కాడ నీ పాణం నిమ్మళంగ ఉండాలె.

క్యాంప్ బాస్, సేఫ్టీ సార్, మీరు ఈ పోస్ట్ చూస్తరని తెల్సు. ముదీర్‌కు, అదే మన పెద్ద మేనేజర్‌కు, హిందీల చదివి చెప్పుండ్రి.

క్యాంపుల అందరికి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ చెయ్యాలె. డ్యూటీ టైమ్‌లనే. మందులు అవసరమున్నోళ్లకు మందులియ్యాలె. ఛాతి నొప్పి అన్నోన్ని ఎవ్వడూ ఆపొద్దు. బీపీ ఉందని ఒక్కన్ని కూడ ఇంటికి పంపం అని సంతకం పెట్టి ఇయ్యాలె. అది చేతికొస్తెనే గోలీలు దాచినోళ్లు నోరు తెరుస్తరు.

గురువారం సాయంత్రం బస్సులు క్యాంపుకు తిరిగొచ్చేలోపు జవాబు కావాలె. రాకపోతే శుక్రవారం పొద్దుగాల లేబర్ ఆఫీస్ ముంగట ఉంట.