స్వప్న రాసిన టెస్టులు

లాక్‌డౌన్ నాటి ఒక అబద్ధం ఇన్నేళ్లుగా గుండె మీద కూర్చుని ఉంది. రోజూ డైరీ రాసేదాన్ని. అందులో కూడా దాని జోలికి పోలేదు. నాకు నేనే చెప్పుకోలేనిది, ముఖం తెలియని మీకు చెబుతున్నాను.

మాది సూరత్. నాన్నది రైల్వే ఉద్యోగం. అప్పట్లో నేను క్వార్టర్స్‌లోని నా గదిలో కూర్చుని ఒక చిన్న కంపెనీకి జావా కోడు రాసేదాన్ని. మా జట్టులో కొత్తగా చేరిన అమ్మాయిని స్వప్న అంటాను, అసలు పేరు వద్దు. ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. సూరత్ శివారు ఉన్ పేటలో ఒకే గది ఇల్లు వాళ్లది, మీటింగులప్పుడు మెట్ల మీద కూర్చునేది. మేం రాసిన కోడును పరీక్షించే టెస్టులు రాయడం ఆమె పని.

ఆమె టెస్టులు చేర్చాక బిల్డు, అంటే అందరి కోడునూ సర్వర్‌లో కలిపి, టెస్టులు నడిపి చూసే పని, కూలిపోవడం మొదలైంది. మామూలుగా టెస్టు తప్పితే ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. ఇక్కడ అదేమీ లేదు, టెస్టులు నడిపే ప్రోగ్రామే మధ్యలో చచ్చిపోయేది. ఆ క్షణాన నడుస్తున్న టెస్టు పేరు మాత్రం రిపోర్టులో మిగిలేది. ప్రతిసారీ స్వప్నదే.

కారణం నాకు దొరికింది. నా కోడులోనే. సెట్టింగుల ఫైలు కనబడకపోతే ప్రోగ్రామునే మూసేయమని తొందరలో ఒక లైను రాశాను. నా లాప్‌టాప్‌లో ఆ ఫైలు ఉంది, బిల్డు నడిచే సర్వర్‌లో లేదు. ఆ లైను దాకా వెళ్లిన మొదటి టెస్టులు ఆమెవి.

చెప్పాలనే అనుకున్నాను. ఆ సాయంత్రం ఆమే ఫోన్ చేసింది.

"అక్కా, ఏమన్న దొరికిందా? మా అమ్మే నయం, తిట్టేముందు ఎందుకో చెప్తది. ఇది చెప్పకుండనే చస్తది." నవ్వింది. వెంటనే గొంతు తగ్గించింది. "సార్ అందరి ముందట నన్నే అంటుండు. బాపు కార్ఖానా బంద్ ఉంది. ఈ నౌకరీ గూడ పోతే ఎట్లక్కా?"

"ఏం దొరకలేదు స్వప్నా," అన్నాను. "నీ టెస్టుల్లోనే ఏదో ఉన్నట్టుంది."

"గట్లనా... సరే అక్కా. జర మల్ల చూస్తా."

మర్నాడు మా జట్టును నడిపే సార్ ఆమె టెస్టులన్నీ తీసేయించారు. అదే రోజు నేను ఆ లైను మార్చి, వేరే చిన్న సవరణల్లో కలిపి పంపేశాను. బిల్డు నిలబడింది. టెస్టులు తీసేసినందుకే బాగుపడిందని అందరూ నమ్మారు. గ్రూపులో నేనూ బొటనవేలు బొమ్మ పెట్టాను. నెలాఖరుకు ఆమెను వద్దన్నారు. వెళ్తూ, 'నువ్వొక్కదానివే మంచిగ మాట్లాడినవ్ అక్కా' అని మెసేజ్ పెట్టింది.

ఎందుకు చెప్పలేదు? నా ఉద్యోగం పోయేది కాదు. పోయినా ఇంట్లో నాన్న జీతం ఉంది. సిగ్గరిని, నలుగురిలో నోరు పెగలదు అని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ ఫోన్‌లో నలుగురు లేరు, ఆమె ఒక్కతే ఉంది. అబద్ధానికి నోరు బాగానే పెగిలింది కదా? పుస్తకాల్లో ఇలాంటి వాళ్లు ఎదురైతే అసహ్యించుకుని పేజీ తిప్పేసేదాన్ని.

ఆమె నంబరు ఇప్పటికీ నా దగ్గరుంది. ఎన్నోసార్లు మెసేజ్ మొదలుపెట్టి చెరిపేశాను. మిమ్మల్ని క్షమించమని అడగను, అది మీరు ఇవ్వగలిగేది కాదు. ఆ టెస్టులు సరిగ్గానే ఉన్నాయి. మా అందరిలో నా తప్పును పట్టుకున్నది స్వప్న ఒక్కతే, ఆ సంగతి ఆమెకే తెలియదు. ఇంతవరకు రాయగలిగాను. ఊపిరి కాస్త తేలిగ్గా అందుతోంది. అందుతున్నందుకూ సిగ్గుగానే ఉంది.