పున్నమి రాని పోస్టాఫీసు

1955 జూన్‌లో నన్ను కరీంనగర్ జిల్లాలో ఒక సబ్ పోస్టాఫీసుకు పోస్టుమాస్టరుగా వేశారు. చొప్పదండి దాటి బస్సులో ఇంకా కొంత దూరం పోవాలి. ఊరి పేరు రాయను. రాస్తే అక్కడివాళ్లు ఇంటికొచ్చి మరీ తగువు పెట్టుకోగలరు. అప్పటిదాకా గుమాస్తాగా పనిచేసిన నాకు ఒక ఆఫీసు సొంతంగా చేతికి రావడం అదే మొదలు. ఏడాదిపాటు మచ్చ లేకుండా నడిపితే ఆ హోదాలో ఖాయం చేస్తామని ఉత్తర్వులో ఉంది. నేను ఆ మాట రోజుకు రెండుసార్లు చదువుకునేవాణ్ని.

సిబ్బంది అంటే నేను, ఒక పోస్ట్‌మ్యాన్, ఒక ప్యాకర్. ప్యాకర్ అంటే పెట్టెలు కట్టేవాడని బయటివాళ్లు అనుకుంటారు. టపా సంచి విప్పడం, తిరిగి కట్టి లక్క వేయడం, బయటికి పోయే ప్రతి ఉత్తరం మీది తపాలా బిళ్లకు తేదీ ముద్ర కొట్టడం అతని పని. ఆ ముద్ర ఉత్తరం ఏ రోజు ఏ ఊరినుంచి బయల్దేరిందో చెప్పాలి, వాడిన బిళ్ల మళ్లీ వాడకుండా చెడగొట్టాలి. మా ప్యాకర్ లచ్చయ్యకు మొదటి సంగతి మీద పెద్ద పట్టింపు లేదు. రెండోది మాత్రం అతను ప్రాణం పెట్టి చేసేవాడు.

లచ్చయ్య నేతపనివారి ఇంట్లో పుట్టి, నిజాం కాలంలోనే టపా కొలువులో చేరాడు. మగ్గం పలక గుంజిన చేయి అది. ముద్ర ఎత్తి దించితే నా బల్ల మీది సిరాబుడ్డి ఎగిరి పక్కకు జరిగేది. దెబ్బ పడ్డ చోట నల్లటి మచ్చ తప్ప మరేమీ మిగిలేది కాదు. బిళ్ల మీద బొమ్మ గానీ, ఊరిపేరు గానీ, తేదీ గానీ ఎవరికీ కనబడేవి కావు. వాడిన బిళ్లను మా ఊళ్లో మళ్లీ వాడినవాడు లేడు, ఆ మాట నిజమే.

దీనివల్ల ఊళ్లో ఒక్క మనిషికి మాత్రం కడుపు మండేది. ఆయన హైస్కూలు హెడ్‌మాస్టరు విఠల్ రావు సారు. చరిత్ర చెప్పేవారు. బడిలో చూపించడానికి పటాలు లేక, లోకంలో జరిగిన పెద్ద సంగతుల గుర్తుగా వేసిన తపాలా బిళ్లలు పోగుచేసి, ఒక్కో దాన్ని ఆల్బంలో ఒక్కో పేజీకి అంటించి, కింద ఆ కథ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పిల్లలకు పాఠం చెప్పేవారు. ఆయనది ఒక పట్టుదల. బిళ్ల మన ఊరి నుంచే పోవాలి, మన ఊరి ముద్రే పడాలి, ప్రపంచంలో సంగతి జరిగిన నాడు మనమూ ఉన్నామని పిల్లలకు తెలియాలి. అందుకని తన పేరుకు తానే కవరు రాసుకుని మా డబ్బాలో వేసేవారు. మా లచ్చయ్య దానికి చేయాల్సింది చేసేవాడు.

ఆ ఆల్బం మొదటి పేజీలో, రెండో ప్రపంచ యుద్ధం గెలిచినప్పుడు నిజాం సర్కారు వేసిన అణా బిళ్ల ఉండేది. సిపాయి ఇంటికి తిరిగొచ్చిన బొమ్మ అది. కింద సారు రాసుకున్నారు: "యుద్ధం ముగిసింది. సిపాయి ఇల్లు చేరాడు. ప్రస్తుతం లచ్చయ్య ముద్ర కింద ఉన్నాడు." ఎవరెస్టు ఎక్కిన సందర్భంలో వేసిన బిళ్ల కింద, "శిఖరం అంతకుముందు తెల్లగా ఉండేది" అని ఉంది.

నేను చేరిన వారంలోనే ఆయన ఫిర్యాదుల పుస్తకం అడిగారు. "జర మెల్లగ కొట్టుమనుండ్రి సాబ్. అది ఉత్తరం, పాము గాదు" అన్నారు. నేను లచ్చయ్యతో అన్నాను. అతను తలూపి, మరునాడు సిరాబుడ్డిని తానే నా బల్ల మీదినుంచి తీసి అల్మారాలో పెట్టాడు. అతను చేసిన సవరణ అంతే.

మరుసటి ఏడు వైశాఖ పున్నమికి బుద్ధుడి రెండువేల అయిదువందలవ జయంతి. ఆ పున్నమినాడే కొత్త బిళ్లలు విడుదలవుతాయని సర్క్యులరు వచ్చింది. సారు ఆ జూన్‌లోనే రిటైరవుతున్నారు. ఆల్బంలో ఒక్క పేజీ ఖాళీ ఉంది. దాన్ని బుద్ధుడితో ముగించి, ఆల్బం బడికి అప్పజెప్పి పోవాలని ఆయన కోరిక. విడుదలైన రోజునే, మన ఊరి ముద్రతో, ఒక్కటంటే ఒక్క శుభ్రమైన కవరు. "పదేండ్ల సంది అడుగుతున్న సాబ్, గీ ఒక్కటి ఇప్పియ్యుండ్రి" అన్నారు. కాదనడానికి నాకు నోరు రాలేదు. హెడ్డాఫీసుకు ప్రత్యేకంగా ఇండెంటు రాసి ఒక షీటు రెండణాల బిళ్లలు తెప్పించాను.

సీలు వేసిన ఆ కట్టను విడుదలకు ముందురోజు సాయంత్రం లచ్చయ్యను సాక్షిగా పెట్టుకుని విప్పాను. లెక్క చూసి భద్రపరచాలి, అమ్మకం మాత్రం మరునాడే. బిళ్ల మీద బుద్ధుడు లేడు. ఆయన కూర్చున్న రావిచెట్టు ఉంది. లచ్చయ్య వంగి చూశాడు, చెప్పులు విడిచాడు, రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేను కొట్ట సారూ" అన్నాడు.

ఎందుకన్నాను. "గిది రావిచెట్టు. మా అవ్వ నూటొక్క సుట్లు దారం సుట్టి మొక్కితె నేను పుట్టిన. గీ చెట్టు మీద నేను గుద్దుతనా?" అన్నాడు.

ముద్ర కొట్టకుండా ఉత్తరం పంపడం తప్పని చెప్పాను. చార్జి షీటు అన్నాను. జీతం అన్నాను. అతను రాయిలాగా నిలబడ్డాడు. చివరికి విఠల్ రావు సారుకు కబురు పంపాను. ఇన్నేళ్లుగా లచ్చయ్య చేయి ఆగితే చాలునని దేవుళ్లకు మొక్కిన ఆ పెద్దమనిషి వచ్చి, "లచ్చన్నా, నీకు దండం పెడత, ఒక్కటి కొట్టు" అని బతిమాలడం నేను కళ్లారా చూశాను. నేనే కొడతానన్నాను. సారు నా ముద్ర కూడా ఒకసారి చూసి ఉన్నారు. "వద్దు సాబ్, మీరు కొడితె రెండు ఊర్లయితయి" అన్నారు. అదీ నిజమే. నా చేయి దింపేటప్పుడు కొంచెం వణికేది.

అర్ధగంట తర్జనభర్జనల తర్వాత దారి లచ్చయ్యే చెప్పాడు. చెట్టు కొట్టవలసి వస్తే వాళ్ల దిక్కున ముందురోజు మొక్కి, గొడ్డలికి పసుపు కుంకుమ పెట్టి, తప్పు కాయమని చెప్పుకుంటారట. ముద్రకు అట్లా చేస్తే తనకు అభ్యంతరం లేదన్నాడు. సర్కారు ముద్రకు కుంకుమ పెట్టరాదని మా మాన్యువల్‌లో ఎక్కడైనా ఉందా అని వెతికాను. లేదు.

ఆఖరి టపా కట్టగానే లచ్చయ్య పనిలో దిగాడు. తేదీ ముద్రను కిరసనాయిలుతో కడిగి, గాడుల్లో ఏళ్లుగా పేరుకున్న సిరాను పుల్లతో గీకి, బట్టతో తుడిచి, పిడికి పసుపు రాసి బొట్టు పెట్టాడు. ఊదుబత్తి వెలిగించి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సారూ నిలబడ్డారు. మేమిద్దరం నిలబడ్డాక పోస్ట్‌మ్యాన్ మాత్రం కూర్చుంటాడా, అతనూ లేచాడు.

మరునాడు తెల్లవారేసరికి కౌంటరు ముందు జనం. రావిచెట్టు బిళ్లలు వచ్చాయన్న కబురు నేతవాళ్ల వాడంతా పాకింది. కొన్నవాడెవడూ ఉత్తరం రాయలేదు. దేవుడి గూట్లోకి ఒకటి, మగ్గం గుంజకు ఒకటి. మొదటి బిళ్ల మాత్రం సారుకే ఇచ్చాను. ఆ తోపులాటలోనే లచ్చయ్య ముద్రల పుస్తకం నా ముందుకు జరిపాడు. ఇదొక రివాజు: ప్రతి ఉదయం తేదీ ముద్రను విప్పి అంకెలు మార్చి, ఆ పుస్తకంలో ఆ రోజు గడిలో ఒక నమూనా ముద్ర వేయాలి. పోస్టుమాస్టరు దాన్ని చూసి పక్కన సంతకం పెట్టాలి. ముద్ర గుండ్రంగా, అద్దంలాగా పడింది. ఎంత బాగుందో అనుకుంటూ సంతకం పెట్టాను.

తర్వాత సారు కవరు బల్ల మీద పెట్టారు. లచ్చయ్య స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చి ఉన్నాడు. ఊపిరి బిగబట్టి ముద్రను దించాడు. చప్పుడే కాలేదు. బిళ్ల మూలన సన్నని వలయం, ఊరిపేరు అక్షరం అక్షరం చదవవచ్చు, చెట్టు ఆకు ఒక్కటి నలగలేదు. సారు కళ్లు తుడుచుకున్నారు. నాకూ సంతోషంగానే ఉంది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

ఆ కవరు నిబంధన ప్రకారం మరునాటి బట్వాడాలో సారు చేతికి పోయింది. గంట తిరక్కుండా సారు భూతద్దం పట్టుకుని వచ్చారు. కవరు నా ముందు పెట్టారు. ముద్రలో తేదీ విడుదలకు ముందురోజుది.

లచ్చయ్యను పిలిచాను. అంకెలు మార్చలేదా అన్నాను. అతను నా వైపు జాలిగా చూశాడు. "పూజ జేసినంక ఇప్పుతరా సారూ? దసరనాడు మగ్గానికి పూజ జేసి గా నాడె ఇప్పుతమా?" అన్నాడు. పని ముగిశాక కొబ్బరికాయ కొట్టి అప్పుడు విప్పి మార్చాడట. అంతకుముందు ఏ రోజు ఈ తప్పు జరిగినా ఎవరికీ తెలిసేది కాదు. ఆ ముద్రలో తేదీ కనబడింది ఆ ఒక్క రోజే.

సారు కూలబడ్డారు. పరీక్షలో తేదీ తప్పు రాస్తే అర మార్కు కోయడంలో జిల్లాలో పేరున్న మనిషి ఆయన. మళ్లీ కొట్టడానికి నియమం ఒప్పుకోదు, ఆ రోజు తిరిగి రాదు, బిళ్లలు అన్నీ మగ్గాలెక్కాయి. కవరు తీసుకుని వెళ్లిపోయారు.

మూడు వారాలకు ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చారు. హైదరాబాదు మనిషి, సన్నగా నవ్వుతారు, దేన్నీ వదలరు. ముద్రల పుస్తకం తిరగేస్తూ ఒకచోట వేలు ఆపారు. చుట్టూ అన్నీ నల్ల మచ్చలు, పున్నమినాటి గడిలో మాత్రం అద్దంలాగా ముందురోజు తేదీ. దాని పక్కనే నా సంతకం. ఈ ఆఫీసుకు ఈ ఏడు పున్నమి రాలేదా అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా లచ్చయ్య, "అచ్చిందయ్యా! గా ముద్ర సూడాలంటె హెడ్‌మాస్టర్ సారు తాన ఉన్నది. జబర్దస్తుగ పడ్డది" అని గర్వంగా చెప్పాడు.

కొత్త బిళ్లను విడుదలకు ముందే అమ్మడం మా శాఖలో చిన్న నేరం కాదు. ఆ కవరు చూసినవాడెవడైనా అదే అనుకుంటాడు. ఇన్‌స్పెక్టరు విఠల్ రావు సారును పిలిపించి ఆల్బం చూశారు. సిపాయి దగ్గర, ఎవరెస్టు దగ్గర ఆయన మీసం కదిలింది. చివరి పేజీ దగ్గర మాత్రం ముఖం గంభీరమైంది. కవరును సాక్ష్యంగా సూపరింటెండెంటుకు పంపాలన్నారు.

సారు ఆల్బం మీద చేయి అట్లాగే ఉంచారు. తర్వాత చేయి తీశారు. "తీస్కపోండ్రి. గీ కాయితం కోసం పోస్టుమాస్టర్ సాబ్ నౌకరి పోవద్దు" అన్నారు.

ఆ మాటకు నాకు సిగ్గేసింది. తప్పు నాది. చూడకుండా సంతకం పెట్టింది నేను. అప్పుడు నాకు ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో గానీ, బట్వాడా అయిన ఉత్తరం చిరునామాదారు సొత్తు, శాఖకు దాని మీద హక్కు లేదని నియమం గుర్తుచేశాను. బదులుగా జరిగినదంతా నేనే రాసిస్తానన్నాను. కుంకుమతో సహా రాశాను. ఇన్‌స్పెక్టరు రెండుసార్లు చదివి, ఊదుబత్తి సంగతి పై ఆఫీసుకు అవసరం లేదని ఆ ఒక్క వాక్యం కొట్టేయించారు.

నెల తర్వాత ఉత్తర్వు వచ్చింది. నాకు మందలింపు, సర్వీసు పుస్తకంలో నమోదు, ఖాయం చేయడం ఇంకో ఏడాది వాయిదా. లచ్చయ్య పేరు అందులో లేదు. ముద్ర సరిగా ఉందో లేదో చూడాల్సింది పోస్టుమాస్టరే గనుక నేనూ అభ్యంతరం చెప్పలేదు. లచ్చయ్య మాత్రం, "చెట్టుకైతె దెబ్బ తగల్లే గద సారూ" అని నన్ను ఓదార్చాడు. మరునాటినుంచి మామూలు బిళ్లల మీద మామూలుగానే గుద్దాడు.

సారు రిటైరై పోయాక ఒకసారి పనిమీద బడికి వెళ్లి ఆల్బం అడిగి చూశాను. చివరి పేజీలో కవరు ఉంది. కింద ఎర్ర సిరాతో ఇట్లా ఉంది: "సంగతి సరి. తేదీ తప్పు. అర మార్కు కోత."

ఈ ఉద్యోగంలో తర్వాత చాలా ఆఫీసులు చూశాను. నిర్లక్ష్యంగా చేసిన పనిని అందరూ తనిఖీ చేస్తారు, కాబట్టి దానితో ప్రమాదం తక్కువ. అందరూ స్నానం చేసి వచ్చి భక్తిగా చేసిన పనినే ముందు తనిఖీ చేయాలి. రిటైరయ్యేదాకా నాకు ప్రతి ఉదయం మొదట గోడ మీది క్యాలెండరు, ఆ తర్వాత ముద్ర, ఆఖరున సంతకం.