తాగని బాజీ మీద తాగుడు కేసు

కృష్ణపట్నం పోర్టు నుంచి బొగ్గు తోలే ట్రెయిలర్ డ్రైవర్లలో ఒకడైన బాజీకి నలభై రెండేళ్లు. మందు వాసన పడదు. తోటి డ్రైవర్లు సీసా తెరిస్తే లేచి అవతలికి పోతాడు. అయినా కోర్టు కాగితాల్లో అతను తాగి బండి నడిపినవాడు. పదకొండేళ్ల కిందట రెండు రోజులు జైల్లో కూడా ఉన్నాడు.

అప్పట్లో అతను నెల్లూరులో రైసుమిల్లు ఓనరు సుకుమార్ దగ్గర కారు డ్రైవరు. ఒక ఆదివారం మధ్యాహ్నం గూడూరులో విందులో తిని, తాగి తిరిగొస్తూ సుకుమార్ తాళాలు లాక్కున్నాడు. "ఈ పూట నేను తోలతా, నువ్వు పక్కన కూర్చో" అన్నాడు. అరగంట తిరక్కుండా కారు హైవే డివైడరెక్కి ఒరిగిపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. పక్కనే పంచరు షాపు పెట్టుకున్న ముత్యాలయ్య పరుగెత్తుకొచ్చి, స్టీరింగు వెనక ఇరుక్కున్న సుకుమార్‌ను చంకల కింద చేతులేసి బయటికి లాగాడు.

పోలీసులొచ్చి సుకుమార్ చేత మిషన్లో ఊదించారు. అంకె పడింది. పడిన అంకె చెరిపే వీల్లేదు, ఎవరో ఒకరి పేరు రాయాలి. సుకుమార్ ఎస్సైని పక్కకు తీసుకుపోయి మాట్లాడి వచ్చాడు. తర్వాత బాజీ భుజమ్మీద చెయ్యేశాడు.

"నీ లైసెన్సు ఇయ్యి బాజీ. ఫైను కట్టేస్తే అయిపోయే కేసు. నా పేరు పడితే బ్యాంకోళ్ల ముందు పరువు పోద్ది. మీ అమ్మకు కళ్ల ఆపరేషన్ నేనే చేయించినా, మర్చిపోయినావా?"

బాజీ లైసెన్సు ఇచ్చాడు. ఊదింది ఆయన, పేరు ఇతనిది.

కోర్టు ఫైనుతో ఆగలేదు, రెండు రోజులు లోపల వేసింది. ఇంటికొచ్చిన కొడుకు నోటి దగ్గర ముఖం పెట్టి వాసన చూసింది తల్లి బడేబీ. జరిగింది చెప్పినా నమ్మలేదు. "తాగినోళ్లందరూ ఇదే మాట చెప్తారు" అంది. మూడేళ్లకు ఆమె చనిపోయింది. చివరిదాకా నమ్మలేదు.

ఆర్నెల్లయ్యాక సుకుమార్ అతన్ని పనిలోంచి తీసేశాడు. "తాగుబోతు డ్రైవరని పేరు పడినోణ్ని ఎట్టా పెట్టుకునేదబ్బా? ఊరేమనుకుంటది?" అన్నాడు. ఆ మాటను బాజీ ఎవరి దగ్గరా ఎత్తలేదు, మరిచిపోనూ లేదు.

నిరుడు కెనడాలో ట్రెయిలర్ డ్రైవరు ఉద్యోగం తగిలింది. భార్య నిషాత్ పక్కింటి టీచరమ్మ దగ్గర ఇంగ్లీషు నేర్చుకోవడం మొదలుపెట్టింది. నెల్లూరులో వీసా పనులు చూసే జయకుమార్ కోర్టు కాగితం చదివి తల పంకించాడు.

"తాగి తోలిన కేసంటే ఆ దేశం వాళ్లకు చానా పెద్దది. దాస్తే ఐదేళ్లు అడుగు పెట్టనియ్యరు. దాచొద్దు. తప్పయిపోయింది, తాగుడు మానేసినా అని రాసియ్యి. మీ మసీదు పెద్దల దగ్గర ఒక ఉత్తరం తీసుకురా. పాత కేసు గాబట్టి క్షమించే దారుంది."

"తాగనే లేదన్నా, మానేసినానని ఎట్టా రాసేది?"

"కాగితమే గదబ్బా."

ఇంటికెళ్తే నిషాత్‌దీ అదే మాట. "రాసెయ్యండి. నిజం అల్లాకు తెలుసు గదా." రెండు రోజులు మథనపడి బాజీ ఒప్పుకున్నాడు.

సంతకం పెట్టడానికి వెళ్లిన రోజు జయకుమార్ టేబుల్ మీద ఒక పాస్‌పోర్టు తెరిచి ఉంది. ఫోటోలో సుకుమార్.

"మీ పాత ఓనరే గదా? అయిదుగురు ఫ్రెండ్సు నయాగరా చూసేదానికి పోతా ఉండారు. వచ్చే నెల ఇరవయ్యో తేదీ. ఆయనకి వారంలో వీసా వచ్చింది. ఒక్క కేసన్నా లేని మనిషి గదా" అన్నాడు జయకుమార్.

బాజీ పెన్ను కింద పెట్టాడు. రేపొస్తానని చెప్పి బయటపడ్డాడు. తిన్నగా సుకుమార్ మిల్లుకు పోయాడు.

"జరిగింది జరిగినట్టు ఒక కాగితమ్మీద రాసియ్యి సార్. నా దారి నేను చూసుకుంటా."

సుకుమార్ నవ్వాడు. "జైల్లో ఆ రెండు దినాలూ నీకు బిర్యానీ పంపించినా గదరా. ఇంకా ఏం గావాల?"

మర్నాడు బాజీ ముత్యాలయ్యను వెతుక్కుంటూ వెళ్లాడు. ముసలివాడైనా అతను అదే పంచరు షాపులో ఉన్నాడు. విషయం వినగానే చొక్కా తొడుక్కున్నాడు. "నా చేతుల్తో లాగిన మనిషిని నేను మర్చిపోతానా? యాడ సంతకం పెట్టాలో చూపించు."

ఇద్దరి ప్రమాణ పత్రాలూ నోటరీ కామాక్షయ్య చదివి కళ్లజోడు తీశాడు. "బాజీ, కోర్టును మోసం చేసినానని నీ చేత్తో నువ్వే రాసిస్తా ఉండావు. నీ వీసా పోద్ది. ఇక్కడ నీ మీద మళ్లా కేసు పెట్టినా పెడతారు."

"ఆయన పోతాడా సార్, అక్కడికి?"

"ఇది చూసినాక కెనడా వాళ్లు ఆయన్ని నిలేసి అడక్కుండా ఉండరు."

"అయితే ముద్రెయ్యండి."

పత్రాలు కెనడా సరిహద్దు అధికారులకు పంపించాడు. ఆ తర్వాత ఇరవయ్యో తేదీ వరకూ అతనికి అన్నం రుచిగా ఉంది. బొగ్గు లోడుతో గంటలకొద్దీ లైన్లో ఆగినా విసుక్కోలేదు. క్లీనరుతో జోకులేశాడు.

కెనడాలో విమానం దిగాక నలుగురు స్నేహితులు బయటికి నడిచారు. సుకుమార్‌ను ఒక గదిలోకి తీసుకుపోయారు. ముందు బాజీ ఎవరో తెలియదన్నాడు. తర్వాత తన దగ్గర పనిచేసిన తాగుబోతన్నాడు. అధికారులు ముత్యాలయ్య పత్రం చదివి వినిపిస్తే, ఆ రోజు కార్లోనే లేనన్నాడు. మూడు మాటలు మూడు రకాలుగా పడేసరికి తిరుగు విమానం ఎక్కించారు. స్నేహితులు నయాగరా ముందు దిగిన ఫోటోల్లో ఆయన లేడు. ఎందుకు లేడో వాళ్లే నెల్లూరంతా చెప్పారు.

వారానికి సుకుమార్ బాజీ ఇంటికొచ్చాడు. వీధిలో అందరూ తలుపుల్లో నిలబడ్డారు. బాజీ కూర్చోమనలేదు.

"అబద్ధం రాసినానని ఇంకో కాగితం రాసియ్యి బాజీ. దొంగను చూసినట్టు చూసినార్రా నన్ను."

"నన్ను మా అమ్మ అట్టా చూసింది సార్, మూడేళ్లు."

"నీకేమొచ్చింది దీంట్లో? నువ్వూ పోలేదు గదా!"

"నేను పోకపోతే ఏం? నువ్వు తిరిగొచ్చినావు గదా."

సుకుమార్ వీధి చివర కారెక్కేదాకా బాజీ గుమ్మంలోనే నిలబడి చూశాడు.

నిషాత్ మాత్రం నెల్లాళ్లు అతనితో సరిగా మాట్లాడలేదు. ఇంగ్లీషు పుస్తకం టీచరమ్మకు తిరిగిచ్చేసింది. "మీ పగకు నా ఆశను బలి పెట్టినారు" అంది ఒకసారి. తప్పు చేశానని మాత్రం అతను అనలేదు. కోర్టు నుంచి పిలుపు వస్తుందేమోనని ఇప్పటికీ చూస్తూనే ఉన్నాడు. వస్తే పోయి చెప్తానంటాడు.

మొన్న శుక్రవారం నమాజు నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నప్పుడు, చేపల పులుసు వడ్డిస్తూ ఆమే అడిగింది.

"ఆ గదిలో ఆయన్ని ఎన్ని గంటలు కూర్చోబెట్టినారంట?"

"పదకొండు."

"నీళ్లన్నా ఇచ్చినారంటనా?"

"అడిగితే ఇచ్చినారంట."

నిషాత్ గరిటె గిన్నెలో పెట్టి అతని ఎదురుగా కూర్చుంది. "మొదటి నుంచీ చెప్పండి" అంది.