అదిరిన ఎడమ భుజం

ఆడదానికి ఎడమ కన్ను అదిరితే మంచిదనీ, కుడి కన్ను అదిరితే కీడనీ నమ్మేవాళ్ళతో ఈ గల్ఫ్ దేశంలో, గుదైబియాలో ఏళ్ళ తరబడి ఒకే గదిలో ఉంటున్నాను. అరచెయ్యి దురద పెడితే డబ్బు, అరికాలు దురద పెడితే ప్రయాణం, పొలమారితే ఎవరో తలుచుకోవడం. వీళ్ళ ఒంట్లో ప్రతి నరానికీ రేపటి సంగతి తెలుసు. నెలాఖరు దాకా బియ్యం సరిపోతాయో లేదో మాత్రం ఏ నరమూ చెప్పదు.

నేను తేదీ వేసి చూసేదాన్ని. కోల్డ్ స్టోర్ అనే వీధి కిరాణా కొట్టువాడు ఏటా ఇచ్చే క్యాలెండర్ మీద, ఎవరి కన్ను ఏ రోజు అదిరిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టి, నెల తిరిగాక ఏం జరిగిందని అడిగేదాన్ని. ఏమీ జరగలేదని ఒక్కరూ ఒప్పుకోలేదు. జీతం రోజున జీతం వచ్చినా అది కన్ను అదరడం వల్లే.

అందరిలోకీ ముదురు నా పక్క మంచం పిల్ల. మాది కాకినాడ వైపు, దానిది అమలాపురం వైపు. పనికి వెళ్ళే ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒకే వీధిలో నేను ఒక ఇంట్లో వంట చేస్తాను, అది మరో ఇంట్లో ఇంటిపని చేసేది. వరసేమీ లేకపోయినా పిన్నీ అనేది. మొగుడికి ఇక్కడ డ్రైవర్ వీసా కోసం ఎదురుచూస్తూ, అదెప్పుడొస్తుందో తన ఒంటిని అడిగి తెలుసుకుంటూ ఉండేది.

ఈ మధ్య ఒక శుక్రవారం పొద్దున లేస్తూనే భుజం పట్టుకుని నవ్వింది.

"పిన్నీ, నిన్నట్నుంచి ఎడం భుజం అదురుతుంది. ఆగట్లేదు."

"ఏసీ కింద పడుకోకంటే వింటావా."

"నీకన్నీ ఏసీయే. ఎడం భుజం అదిరితే మొగుడు దగ్గరికొస్తాడంట. మా అత్త చెప్పేది."

"మీ మామ దగ్గరే ఉండేవాడా?"

"ఇంకోదాంతో లేచిపోయాడు."

"భలే అదిరిందే మీ అత్త భుజం."

గదిలో ఉన్న మిగతా ఇద్దరూ నవ్వారు. అదీ నవ్వింది. చెయ్యి తిమ్మిరిగా కూడా ఉందనీ, ఇంత బలంగా అదిరిందంటే వీసా ఈ వారమేననీ తేల్చింది. నేను టీ గ్లాసు అందించాను. కుడిచేత్తో భుజం రాసుకుంటూ ఎడంచేత్తో అందుకుంది. మాటల్లో ఉండగానే గ్లాసు మెల్లగా వంగింది. పొగలు కక్కే టీ దాని ఎడమ పాదం మీద పడింది. నేను చటుక్కున నా కాలు వెనక్కి లాక్కున్నాను. అది లాక్కోలేదు. మొగుడొస్తే గది ఎక్కడ తీసుకోవాలో చెబుతూనే ఉంది.

తరవాత ఇది విన్నవాళ్ళు నాకేదో అంతర్వాణి చెప్పిందన్నారు. నాకు ఏ వాణీ లేదు. టీ ఒకరి కాలి మీద పడితే వెనక్కి జరిగింది ఇంకొకరి కాలు. కళ్ళున్న ఎవరికైనా కనిపిస్తుంది. అక్కడే కూర్చున్న ఇద్దరికీ కనిపించలేదు, అది వేరే సంగతి. నాకంటే ముందు నా కాలికి తెలిసిందంటే ఒప్పుకుంటాను. అంతకు మించి ఒప్పుకోను.

"రెండు చేతులూ ఎత్తు" అన్నాను.

"ఎందుకు పిన్నీ?"

"ఎత్తమన్నానా."

కుడిచెయ్యి నిలబడింది. ఎడమది సగం దాకా లేచి జారిపోయింది. తన చేతిని పరాయివాళ్ళ చేతిలా చూసింది.

"మంచి శకునమే..." అంది. మాట ముద్దగా వచ్చింది.

"నోరు మూసుకుని చెప్పులేసుకో."

హాస్పిటల్‌కి వెళితే మేడమ్‌కి తెలిసిపోతుందనీ, మొగుడి వీసా చెడుతుందనీ ట్యాక్సీలో ఏడుస్తూనే ఉంది. డాక్టరు మెదడులో రక్తం గడ్డ కట్టిందన్నాడు, వేళకే తెచ్చారన్నాడు. ప్రాణం దక్కింది. చెయ్యి సంగతి చెప్పలేమన్నారు. పనిలో పెట్టుకున్న కఫీల్ రెండు నెలలు చూస్తాననీ, చెయ్యి రాకపోతే టికెట్ కొనిస్తాననీ అన్నాడు. అతన్ని తప్పు పట్టలేను. ఒంటిచేత్తో ఇల్లు తుడిపించుకునేవాళ్ళు ఎవరుంటారు?

వ్యాయామం చేయించే మలయాళీ అమ్మాయి, చెయ్యి కదలకపోతే కదులుతున్నట్టు ఊహించుకోమంది. కళ్ళు మూసుకుని, రోజూ చేసే పని ఏదో ఒకటి చేస్తున్నట్టు అనుకోవాలట. నాకు ఒళ్ళు మండింది. ఊహలు నమ్మి ఇంతదాకా తెచ్చుకున్నదానికి మందు మళ్ళీ ఊహేనా? మొదటి వారం ఏమీ లేదు. రెండో వారం ఏమీ లేదు. తేదీలు వేస్తూనే ఉన్నాను.

నిన్న సాయంత్రం మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. తడి దుప్పటి పిండుతున్నానని చెప్పింది. కుడిచెయ్యి గాలిలో మెలి తిరుగుతోంది. ఎడమది ఒళ్ళో పడి ఉంది.

"ఏ రంగు దుప్పటమ్మా?" వెటకారంగా అడిగాను.

"నీలం. మేడమ్‌ది. బరువుగా ఉంది పిన్నీ."

ఒళ్ళో ఉన్న చేతి బొటనవేలు లోపలికి ముడుచుకుంది. చాలా కొంచెం. చూపుడువేలు దాని వెనకే వచ్చింది. దగ్గరికి జరిగి చూశాను. అదురు కాదు. పట్టుకోవాలని చూస్తోంది.

"నీళ్ళు ఇంకా కారుతున్నాయి" అంది, కళ్ళు తెరవకుండా.

"కారవూ మరి, అదేం పిండడం?" అన్నాను. "గట్టిగా పిండు."